వెనక నిలబడ్డ ఆమె ఎవరు?

మా పిన్ని కూతురు అమెరికాలో సియాటిల్ పక్కన రెడ్మండ్‌లో ఉంటుంది. ఆ మధ్య చలికాలంలో పిల్లల్ని తీసుకుని ఐస్ హాకీ మ్యాచ్‌కి వెళ్లిందట. ఓ ఫొటో పంపింది. బల్ల మీద వరసగా ఆటగాళ్లు కూచుని ఉన్నారు. నెత్తిన హెల్మెట్లు, భుజాలకి దిళ్లు కట్టుకున్నట్టు అంతేసి చొక్కాలు. ఒక్కొక్కడూ ఆరడుగుల పైమాటే. వాళ్ల వెనకాల సూట్లు వేసుకుని కొందరు మగవాళ్లు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకామె.

"ఎవరే ఈమె? డాక్టరా?" అని ఫోన్ చేసి అడిగాను.

"కాదక్కా."

"పోనీ, దెబ్బ తగిలితే కట్లు కట్టే ఫిజియోనా?"

"అక్కా! ఆమె కోచ్. ఆ కుర్రాళ్లకి ఆట నేర్పేది ఆమే!" అని అది పకపకా నవ్వింది.

నాకు మాత్రం నవ్వు రాలేదు. సిగ్గేసింది. కథలు రాస్తాను నేను. నా కథల్లో ఆడవాళ్లు అత్తగారికి ఎదురు చెబుతారు, ఉద్యోగాలు తెచ్చుకుంటారు, అవసరమైతే గడప దాటి వెళ్లిపోతారు. అలాంటి నాకే మగ ఆటగాళ్ల వెనక ఓ ఆడమనిషి కనిపిస్తే మొదట తట్టింది కట్లు కట్టడం! నేర్పడం తట్టనే లేదు.

ఆమె పేరు జెస్సికా క్యాంప్‌బెల్. ఆ రోజునుంచి ఆమె గురించి దొరికిందల్లా చదివాను. చదివినకొద్దీ ఇది ఎక్కడో కెనడాలో, అమెరికాలో జరిగిన కథగా అనిపించడం మానేసింది.

ముందు ఆ ఆట సంగతి రెండు ముక్కలు చెబుతాను. మన ధ్యాన్‌చంద్ ఆడిన హాకీ కాదిది. రెండు వందల అడుగుల పొడవు, ఎనభై అయిదు అడుగుల వెడల్పున్న మంచు నేల. ఒక్కో జట్టుకి గోలీతో కలిపి ఆరుగురే. బంతి ఉండదు. మూడంగుళాల అడ్డకొలత, అంగుళం మందం ఉన్న గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. దాన్ని 'పక్' అంటారు. ఇరవయ్యేసి నిమిషాల చొప్పున మూడు భాగాలు ఆడతారు. ఆ వేగానికి ఎవరూ నిమిషం మించి నిలవలేరు. అంచేత ఇంచుమించు ముప్పావు నిమిషానికోసారి ఆట ఆగకుండానే పాతవాళ్లు బల్ల మీదకి వచ్చేస్తుంటారు, కొత్తవాళ్లు మంచు మీదకి దూకుతుంటారు. ఆ బల్ల వెనక నిలబడి ఎవరు దూకాలో, ఎవరు ఎక్కడ తప్పు చేశారో చెప్పేవాళ్లే కోచ్‌లు.

ఈ ఆటకి ప్రాణం స్కేటింగ్. బూటు అడుగున నిలువుగా బిగించిన ఉక్కు పట్టీ, మూడు మిల్లీమీటర్ల మందం ఉంటుంది. ఆ పట్టీ మధ్యలో పొడుగునా సన్నటి గాడి తీస్తారు. దాంతో దానికి లోపలొక అంచు, బయటొక అంచు ఏర్పడతాయి. మన కత్తిపీటకి ఒకటే పదును, దీనికి రెండు. ఏ అంచు మీద ఎప్పుడు ఒరగాలి, మోకాలు ఎంత వంచాలి, గంటకి ముప్పై కిలోమీటర్ల వేగంతో పోతూ ఉన్నపాటున ఎలా తిరగాలి... ఇదంతా ఓ పెద్ద విద్య. ఒంట్లో ఎంత బలమున్నా ఈ విద్య లేనివాడు ఆ మంచు మీద పనికిరాడు. జెస్సికా చేతిలో ఉన్నది సరిగ్గా ఈ విద్యే.

ఆమె 1992 జూన్‌లో కెనడాలోని సస్కాచువాన్ రాష్ట్రంలో పుట్టింది. రోకన్‌విల్ అనే చిన్న ఊరు వాళ్లది. ఆ ఏడాదే సెప్టెంబరులో ఓ వింత జరిగింది. మానాన్ రెయోమ్ అనే అమ్మాయి, మగవాళ్ల నేషనల్ హాకీ లీగ్‌లో టాంపా బే జట్టు తరఫున సెంట్ లూయిస్ జట్టు మీద గోలీగా నిలబడింది. అసలు సీజన్ మ్యాచ్ కాదు, ముందుగా ఆడే సరదా మ్యాచ్. ఆడించింది కూడా మొదటి భాగం వరకే. అయినా ఆ లీగ్‌లో ఓ ఆడపిల్ల ఆడడం అదే మొదలు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాత? తలుపు మళ్లీ మూసుకుంది.

జెస్సికా హాకీ ఆడుతూ పెరిగింది. 2010లో పద్దెనిమిదేళ్ల లోపు అమ్మాయిల ప్రపంచ పోటీల్లో బంగారు పతకం గెలిచిన కెనడా జట్టులో ఉంది. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీలో చదువుకుంటూ అక్కడి జట్టుకి కెప్టెన్ అయింది. 2015లో కెనడా పెద్ద జట్టులో చోటు దొరికింది. ఆ ఏడాది ప్రపంచ పోటీల్లో ఆ జట్టుకి వెండి పతకం వచ్చింది. 2016లో ఆమె ఆడిన కాల్గరీ జట్టు మహిళల లీగ్‌లో కప్పు గెలిచింది. ఆ మరుసటేడు, పాతికేళ్ల వయసులో, ఆమె ఆ లీగ్ నుంచి తప్పుకుంది.

పాతికేళ్లకేనా అనిపిస్తోంది కదూ? నాకూ అలాగే అనిపించింది. కారణాలు ఎన్నుంటాయో ఆమెకే తెలియాలి. లెక్క మాత్రం ఎవరికైనా అర్థమవుతుంది. ఆమె ఆడిన ఆ కెనడా మహిళల లీగ్ 2007లో మొదలైంది. మొదటి పదేళ్లు ఆటగత్తెలకి జీతం అన్నదే లేదు! దేశానికి పతకాలు తెచ్చినవాళ్లు కూడా పగలు ఏదో ఉద్యోగం చేసుకుని సాయంత్రం ఆటకి వచ్చేవాళ్లు. 2017-18 సీజన్‌లో మొదటిసారి జీతం ఇచ్చారు. ఎంతనుకున్నారు? మనిషికి ఏడాది మొత్తానికి రెండు వేల డాలర్ల నుంచి పది వేల డాలర్ల దాకా. అదే ఆటలో మగవాళ్లు లక్షల డాలర్లు తీసుకుంటున్న రోజులవి. ఆ కాస్త జీతం మొదలయ్యేనాటికి జెస్సికా బయటికి వచ్చేసింది. 2019లో ఆ లీగే మూతపడింది.

ఆట బువ్వ పెట్టలేదు. మరి ఏం చేయాలి? తనకి వచ్చిన విద్యనే నమ్ముకుంది. స్కేటింగ్ నేర్పడం మొదలుపెట్టింది. 2020లో కరోనా వచ్చి లీగులన్నీ ఆగిపోయాయి. ఆ రోజుల్లో బ్రిటిష్ కొలంబియాలోని కెలోనా పట్నంలో ఆమె దగ్గర మగ లీగ్ ఆటగాళ్లు కొందరు సాధన చేశారు. లక్షలు సంపాదించే పెద్ద ఆటగాళ్లు. వాళ్లకి ఆడా మగా చూసుకునే తీరిక లేదు. కాలు ఇంకొంచెం చురుగ్గా కదలాలి, అంతే. కదిలిస్తుందా లేదా అన్నదే చూశారు. కదిలించింది.

అక్కడినుంచి ఒక్కో మెట్టూ ఎక్కింది. 2021-22లో జర్మనీలోని న్యూరెంబర్గ్ మగ జట్టుకి అసిస్టెంట్ కోచ్. 2022లో ఫిన్లాండ్‌లో జరిగిన పురుషుల ప్రపంచ పోటీల్లో జర్మనీ జాతీయ జట్టు బల్ల వెనక నిలబడింది. ఆ పోటీల్లో ఓ స్త్రీ అలా నిలబడడం అదే మొదటిసారి. ఆ ఏడాదే కాలిఫోర్నియా ఎడారిలోని కోచెల్లా వ్యాలీ జట్టు ఆమెను అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంది. పెద్ద లీగ్‌కి కుర్రాళ్లని తయారుచేసి పంపే లీగ్ అది. డాన్ బైల్స్మా అనే హెడ్ కోచ్ కింద ఆమె అక్కడ రెండేళ్లు పనిచేసింది. ఆ రెండేళ్లూ, 2023లోనూ 2024లోనూ, ఆ జట్టు ఫైనల్‌కి వెళ్లింది. రెండుసార్లూ ఓడింది. కానీ కొత్త జట్టు వరసగా రెండు ఫైనల్స్ ఆడడం చిన్న విషయమా?

2024లో బైల్స్మా సియాటిల్ క్రాకెన్ జట్టుకి హెడ్ కోచ్ అయ్యాడు. ఆ జులైలో జెస్సికాని కూడా ఆ జట్టు అసిస్టెంట్ కోచ్‌గా తీసుకుంది. నేషనల్ హాకీ లీగ్ 1917లో పుట్టింది. అంటే నూట ఏడేళ్ల తర్వాత ఆ లీగ్‌లో బల్ల వెనక పూర్తికాలం అసిస్టెంట్ కోచ్‌గా నిలబడ్డ మొదటి స్త్రీ జెస్సికా. 2024 అక్టోబరు 8న సొంత ఊళ్లో మొదటి మ్యాచ్. ఎదుటి జట్టు ఏదో తెలుసా? సెంట్ లూయిస్! ముప్పై రెండేళ్ల కిందట మానాన్ రెయోమ్‌కి ఎదురుగా ఆడిన జట్టే. ఆ రోజు సియాటిల్ 3-2 తేడాతో ఓడిపోయింది. ఓడిందని నేను బాధపడలేదు. గెలుపోటముల లెక్కలో పడిందంటే పనిలో పడిందనే కదా అర్థం!

ఇదంతా ఓ రాత్రి భోజనాల దగ్గర మావారికి చెప్పాను.

"బానే ఉంది గానీ, పేపర్లో పేరు కోసం పెట్టుకుని ఉంటార్లే" అన్నారు పెరుగు కలుపుకుంటూ.

"అలాగయితే ఏడాదికే పంపేసేవాళ్లు కదండీ" అన్నాను. నిజంగానే అక్కడ అలాంటి పరీక్షే వచ్చింది. మొదటి సీజన్ కాగానే 2025లో బైల్స్మాని తీసేశారు. ఆమెను తెచ్చుకున్న పెద్దదిక్కు పోయిందన్నమాట. కొత్త హెడ్ కోచ్‌గా లేన్ లాంబర్ట్ వచ్చాడు. మామూలుగా కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. కానీ జెస్సికా కొత్తాయన దగ్గరా అసిస్టెంట్ కోచ్‌గానే కొనసాగింది. పేరు కోసం పెట్టుకున్న మనిషినైతే అలా ఉంచుతారా?

"అది సరే, మగాళ్లు బట్టలు మార్చుకునే గదిలోకి ఆవిడ ఎలా వెళ్తుందోయ్?" అన్నారు ఈసారి.

ఈ ప్రశ్న మావారొక్కరిదే కాదు. ఎవరికి చెప్పినా రెండో మాట ఇదే అడుగుతున్నారు. నేనొకటి అడుగుతాను. మన దేశంలో ఆడపిల్లల జట్లకి మగ కోచ్‌లు ఏళ్ల తరబడి ఉన్నారు. వాళ్లు లోపలికి ఎలా వెళ్తారని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా? తలుపు తడతారు, రమ్మంటే వెళ్తారు. ఆ తలుపు ఇటు తట్టినా అదే చప్పుడు అవుతుంది కదా!

అసలు నా మనసులో ఉన్న మాట ఇదే. మగవాడు ఆడపిల్లలకి నేర్పితే అది మామూలు విషయం. ఆడది మగవాళ్లకి నేర్పితే అది వార్త. మన హైదరాబాద్ పూర్ణిమా రావునే తీసుకోండి. భారత మహిళల క్రికెట్ జట్టుకి ఒకప్పటి కెప్టెన్. ఆట మానేశాక అదే జట్టుకి కోచ్ అయ్యారు. 2017 ప్రపంచ కప్‌కి కొద్ది నెలల ముందు ఆమెను తప్పించి ఓ మగ కోచ్‌ని పెట్టారు. ఆ కప్పులో మన అమ్మాయిలు ఫైనల్‌కి వెళ్లారు. 2025 నవంబరు 2న నవీ ముంబైలో మన అమ్మాయిలు ప్రపంచ కప్పు గెలిచినప్పుడు కోచ్ అమోల్ ముజుందార్. ఆయన మీద నాకేం ఫిర్యాదు లేదు. ఆ రాత్రి టీవీ ముందు ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. కానీ మగ కోచ్ అమ్మాయిల్ని గెలిపిస్తే ఎవరికీ వింతగా లేదు చూశారా, అదే నేననేది. మన ఆడ కోచ్‌లకి అమ్మాయిల జట్టు దగ్గరే చోటు నిలవనప్పుడు, మగవాళ్ల జట్టు మాట ఎవరు తలుస్తారు?

ఇక ఆటల దాకా ఎందుకు... మా ఇంటి సంగతి చెబుతాను. చెప్పకపోతే ఇదంతా రాసే అర్హత నాకు లేదు.

మా వీధి చివర ఒకావిడ ఉన్నారు. ఎమ్మెస్సీ మ్యాథమేటిక్స్, ఫస్ట్ క్లాసు. ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్ చెబుతారు. మా అబ్బాయి ఏడో తరగతి దాకా ఆవిడ దగ్గరే చదివాడు. లెక్కలంటే పారిపోయేవాడు కాస్తా ఆవిడ చలవ వల్ల లెక్కలే ముందు చేసేవాడయ్యాడు. ఎనిమిదిలోకి రాగానే మేమేం చేశామో తెలుసా? మెయిన్ రోడ్డు అవతల ఉన్న సారు దగ్గర చేర్చాం. ఆవిడ తీసుకునేదానికి రెట్టింపు ఫీజు. ఓ రేకుల షెడ్డులో నలభై మంది పిల్లలు. రోజూ దింపి రావడం, తీసుకురావడం. ఎందుకయ్యా అంటే, "పెద్ద క్లాసులు కదా, సారైతే బావుంటుంది." ఈ మాట అన్నది మావారు కాదు. మా అత్తగారూ కాదు. నేను!

కొన్నాళ్లకి ఆవిడ కూరగాయల బండి దగ్గర కనిపించారు. "ఏమ్మా, బాబు రావడం లేదేం?" అని ఆప్యాయంగా అడిగారు.

"స్కూల్లోనే ఎక్స్‌ట్రా క్లాసులు పెడుతున్నారండీ" అని అబద్ధం చెప్పి, బెండకాయలు ఏరుకుంటున్నట్టు తల వంచుకున్నాను.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు. అది పెరటి చెట్టు కావడం వల్లేనా, ఆడచెట్టు కావడం వల్లా అని ఇప్పుడు అనుమానం వస్తోంది. ఆలోచించి చూడండి. అ ఆలు దిద్దించేది టీచరమ్మ, ఐఐటీ కోచింగ్ ఇచ్చేది సారు. రోజూ ఇంట్లో వంట చేసేది మనం, పెళ్లిలో వెయ్యిమందికి వండించేది వంటమేస్త్రి. మనకి తెలిసిన విద్యే, కాస్త పెద్దదై డబ్బు తెచ్చేదయ్యేసరికి మన చేతుల్లోంచి జారిపోతుంది. ఎవరో లాక్కుంటున్నారని అనుకుంటాం గానీ, మనమే తీసి ఇచ్చేస్తున్న సందర్భాలు తక్కువేం కాదు.

జెస్సికా కథలో నాకు బాగా నచ్చింది ఇదే. ఆమె వెళ్లి "ఆడవాళ్లకి చోటివ్వండి" అని అడగలేదని కాదు. అడగడం తప్పని కూడా నేననను. అడగ్గా అడగ్గానే కదా ఇన్ని తలుపులు తెరుచుకున్నాయి! కానీ ఆ కెలోనా మంచు మీద నేర్చుకోవడానికి వచ్చిన మగవాళ్లున్నారే, వాళ్ల పద్ధతి నాకు నచ్చింది. మనకి కావలసిన విద్య ఎవరి దగ్గరుంటే వాళ్ల ముందు శిష్యుడిలా నిలబడడం. మన పెద్దవాళ్లు చెప్పిందీ అదే. గురువు దగ్గర చూడాల్సింది విద్యని, చీరా పంచా కాదు.

ఇంకో మాట. 'మొదటి మహిళ', 'మొదటి మహిళ' అని రాసి చప్పట్లు కొట్టేసి ఊరుకుంటే లాభం లేదు. 1992లో మానాన్ రెయోమ్‌కీ చప్పట్లు కొట్టారు. మొదటి ఆవిడ వెనక రెండో ఆవిడ, మూడో ఆవిడ రావాలి. వస్తున్నారు కూడా. 2024 జనవరి 1న అక్కడ ఆడవాళ్లకి జీతాలిచ్చే కొత్త లీగ్ మొదలైంది. మొదట్లో ఆరు జట్లు. మూడు జట్లకి హెడ్ కోచ్‌లు ఆడవాళ్లే, ముగ్గురూ ఒకప్పుడు ఆడినవాళ్లే. వాళ్లలో ఒకరైన కోరీ షెవెరీ అంతకుముందు మగవాళ్ల జట్టుకీ నేర్పింది. ఇలా పదిమంది అయ్యాక ఎవరూ ఫొటో చూసి "ఈమె డాక్టరా?" అని అడగరు. అసలు ఎవరూ ఆ ఫొటో పంపను కూడా పంపరు. ఆ రోజు రావాలి.

మా అమ్మాయి ఈ ఏడు ఎనిమిదిలోకి వచ్చింది. మొన్న ఆదివారం దాన్ని వెంటబెట్టుకుని వీధి చివరికి వెళ్లాను. ఆవిడ వరండాలో కూచుని చిన్నపిల్లల నోట్సులు దిద్దుతున్నారు.

"అమ్మాయికి ఎనిమిది నుంచి పది దాకా లెక్కలు మీరే చెప్పాలండీ. చెబుతారా?" అని అడిగాను.

ఆవిడ పెన్ను పక్కన పెట్టి నావైపు చూశారు. "చెప్పనని నేనెప్పుడన్నానమ్మా? ఏడు అవగానే మీరే మానిపించేస్తారు" అన్నారు.

జవాబు చెప్పడానికి నా దగ్గరేం లేదు. ఈసారి తల వంచుకోవడానికి బెండకాయలు కూడా లేవు. మా అమ్మాయి మాత్రం చెప్పులు విడిచి, ఆ పిల్లల పక్కన చాప మీద కూచుని సంచీలోంచి పుస్తకం తీసింది.